ఆరుబయటికి మారిన కుందేళ్లు మేత తగ్గిస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదురుతున్న కొద్దీ కుందేళ్ల ఆకలి గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం, ఇంట్లో పెరిగిన కుందేళ్లను పెరట్లోకో డాబా మీదికో మార్చిన తరువాత వాటి తిండిలో కనిపించిన మార్పుల గురించినవే. అందుకే ఈ సంచికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు ఏడాది వయసున్న రెండు తెల్ల కుందేళ్లున్నాయి. రెండూ ఆడవే. ఇన్నాళ్లూ ఫ్లాట్‌లో హాలంతా తిరుగుతూ పెరిగాయి. మార్చిలో సొంత ఇంటికి వచ్చాక పెరట్లో రేకుల షెడ్డు వేయించి, అందులో పెద్ద బోను పెట్టి వాటిని అక్కడికి మార్చాం. నాలుగు రోజులుగా పెట్టిన పెల్లెట్లలో (గుళికల మేతలో) సగం అలాగే వదిలేస్తున్నాయి. క్యారెట్ కూడా వాసన చూసి పక్కకు పోతున్నాయి. చీకటి పడ్డాక మాత్రం కాస్త కొరుకుతున్నాయి. ఇల్లు మారినందుకు బెంగ పెట్టుకున్నాయని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
— పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. కొత్త చోటుకు వచ్చిన కుందేలు మొదటి రోజూ, మహా అయితే రెండో రోజూ తిండి కాస్త తగ్గించడం సహజమే. అయితే నాలుగో రోజు కూడా సగం మేత మిగులుతోందంటే దానిని బెంగ అని సరిపెట్టుకోకూడదు, కారణం వెతకాలి. మీ ఉత్తరంలోని రెండు వివరాలు, రేకుల షెడ్డు అన్న మాట, చీకటి పడ్డాక తింటున్నాయన్న మాట, ఆ కారణం వేడి అని దాదాపు స్పష్టంగా చెబుతున్నాయి.

మన మెట్టపొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరు, మనం పెంచుకునే కుందేలు వేరు. పెంపుడు కుందేళ్ల పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాలలో నేలలో బొరియలు తవ్వుకుని, పగటి ఎండను ఆ బొరియల చల్లదనంలో గడిపిన జీవులు. వాటికి హాయిగా ఉండే ఉష్ణోగ్రత సుమారు 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ వరకే. మన దేశంలో కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ తన దక్షిణ ప్రాంత కేంద్రంలో సోవియట్ చించిల్లా, వైట్ జయింట్ జాతుల కుందేళ్లను పెంచుతున్నది కొడైకెనాల్ కొండల మీది మన్నవనూరులో. అలాంటి చల్లని చోటికీ, ఏప్రిల్ మధ్యాహ్నం పెద్దపల్లిలో రేకుల కింద ఉండే వేడికీ ఉన్న తేడాను మీ కుందేళ్లు తమ ఒంటితో భరిస్తున్నాయి.

కుందేలుకు మనిషిలా చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి వగర్చి ఒంటి వేడిని సమర్థంగా తగ్గించుకోలేదు. రక్తనాళాలు నిండిన పెద్ద చెవుల ద్వారానే అది వేడిని బయటికి పంపుకుంటుంది. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఆ దారీ మూసుకుపోయినట్టే. ఇక మేత అరగడం కూడా ఒంట్లో వేడి పుట్టించే పనే, ఎందుకంటే కుందేలు తిన్న పీచులో కొంత భాగం చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే పెద్ద సంచిలాంటి భాగంలో సూక్ష్మజీవుల వల్ల పులిసి అరుగుతుంది. కాబట్టి 30 డిగ్రీలు దాటే సరికి శరీరం తన వైపు నుంచి చేయగలిగింది చేస్తుంది, అంటే తిండి తగ్గిస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. 35 దాటితే అది ఆకలి సమస్యగా మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది.

ముందుగా ఒక గోడ థర్మామీటరు కొని, బోను లోపల కుందేలు కూర్చునే ఎత్తులో కట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు చూడండి. వాతావరణ వార్తల్లో చెప్పే అంకెతో మనకు పని లేదు, రేకుల కింద వేడి అంతకన్నా ఎక్కువగానే ఉండవచ్చు. ఆ రేకుల మీద తాటాకులు గానీ కొబ్బరిమట్టలు గానీ మందంగా పరిపించి, పడమటి వైపు గోనెసంచులు వేలాడదీసి తడుపుతూ ఉంటే లోపలి వేడి తగ్గుతుంది. అయితే గాలి ఆడకుండా నాలుగు వైపులా తడి సంచులు కట్టేస్తే లోపల ఉక్క పెరిగి మేలుకు బదులు కీడు జరుగుతుంది, కనీసం రెండు వైపులు తెరిచి ఉంచండి. వీలైతే ఆ బోనును వేపచెట్టు నీడకు మార్చడం అన్నిటికన్నా మంచిది. సీసాలలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బోనులో పెడితే కుందేళ్లు వాటికి ఆనుకుని పడుకుంటాయి. అలాగని కుందేలును నీళ్లలో ముంచడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు.

మేత వేళలు కూడా మార్చండి. కుందేలు స్వభావరీత్యా సందెవేళ, తెల్లవారుజామున చురుగ్గా తిరిగి మేసే జీవి. ఫ్లాట్‌లో ఫ్యాను కింద మీరు పెట్టినప్పుడల్లా తిన్నది కాబట్టి ఆ విషయం మీ దృష్టికి వచ్చి ఉండదు. ఉదయం ఆరు లోపు ఒకసారి, రాత్రి ఏడు తరువాత ఎక్కువ మొత్తంలో మరొకసారి పెట్టి, ఎండుగడ్డిని మాత్రం రోజంతా అందుబాటులో ఉంచండి. ఆకుకూరలను కడిగి, తడితోనే ఇవ్వండి. నీళ్లు మేతకన్నా ముఖ్యం. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల వరకు తాగే కుందేలు, సీసాలో నీళ్లు వేడెక్కితే ముట్టదు, నీళ్లు తాగని కుందేలు పొడి మేతా తినదు. అంచు వెడల్పుగా ఉండే బరువైన మట్టి మూకుళ్లు రెండు నీడలో పెట్టి, పగలు మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చండి.

ఇంకో చిన్న విషయం. బయట పెట్టిన పెల్లెట్లకు గంటలోపే చీమలు పడతాయి, రాత్రి ఎలుకలు వచ్చి తొక్కుతాయి. అలాంటి మేతను కుందేలు వాసన చూసి వదిలేస్తుంది. మేత గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, మిగిలిన పెల్లెట్లను మర్నాటికి ఉంచకుండా పారేయండి. తేమ తగిలి బూజు పట్టిన మేత కుందేలు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మిగిలింది కదా అని ఎండబెట్టి మళ్లీ పెట్టడం ప్రమాదకరం.

ఇవన్నీ చేసినా మధ్యాహ్నం బోనులో ఉష్ణోగ్రత 32 దాటుతుంటే, వాటిని ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు ఇంట్లోనే ఉంచండి. నా అభిప్రాయం అడిగితే, గోదావరి లోయలోని వేడి ఊళ్లలో ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు కుందేళ్లను పగలు ఆరుబయట ఉంచకూడదనే చెబుతాను. సొంత ఇల్లు, పెద్ద పెరడు ఉన్నాయన్న సంతోషంతో మనం చేసిన ఏర్పాటు వాటికి కష్టమైనప్పుడు ఆ ఏర్పాటును వానలు పడే దాకా వాయిదా వేయడమే న్యాయం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి, తక్కిన జవాబులకూ ఇది వర్తిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. దాని పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి, అందుకు లోపలికి పీచు వెళుతూనే ఉండాలి. తిండి పూర్తిగా మానేస్తే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ చేరి నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల అది మరింత తినదు. అందుచేత 12 గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయడం ఆగిపోయినా, అది అర్ధరాత్రి అయినా సరే, పశువైద్యుడిని వెంటనే సంప్రదించవలసిన అత్యవసర స్థితి. రేపు చూద్దాం అనుకున్న కుందేళ్లలో చాలా వాటిని కాపాడలేకపోతాం. ఎండ వేడిలో చెవులు ఎర్రబడి వేడెక్కినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చొంగ కారుస్తున్నా అది వడదెబ్బ. నీడకు తెచ్చి, చెవులను మామూలు చల్లని నీళ్లతో తడుపుతూ ఆసుపత్రికి తీసుకుపోండి. ఐసు నీళ్లు వాడవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో కుందేలు ఆకలి తగ్గలేదు, పెరిగింది. కుందేలును పెరట్లో గడ్డి మీద వదలడం మొదలుపెట్టి వారం అయింది. పొద్దస్తమానం గడ్డి మేస్తూనే ఉంది, పెల్లెట్ల వైపు చూడడం లేదు. ఆకలి బాగా పెరిగిందని సంతోషించాం కానీ, పెంటికలు గుండ్రంగా రాకుండా మెత్తగా, జిగటగా వెనుక బొచ్చుకు అంటుకుంటున్నాయి. గడ్డి మాన్పించాలా?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గడ్డి మాన్పించకండి, కొన్నాళ్లు తగ్గించండి. గడ్డి దొరికిన కుందేలు పెల్లెట్లను పట్టించుకోకపోవడం ఆకలి మందగించడం కాదు, అది తన అసలు ఆహారానికి తిరిగి వెళ్లడం. పెద్ద కుందేలు తిండిలో ఎండుగడ్డి, పచ్చగడ్డి కలిపి ఐదింట నాలుగు వంతులు ఉండాలి. పెల్లెట్లు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించనవసరం లేదు. ఇంట్లో ఉన్నంత కాలం గిన్నె నిండా పెల్లెట్లు తిని బతికిన కుందేలు పెరట్లో వాటిని ముట్టడం లేదంటే, అది మీకు ఆనందం కలిగించవలసిన మార్పే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మార్పు ఒక్కసారిగా జరిగింది. పేగుల్లోని సూక్ష్మజీవులు అంతవరకు పెట్టిన మేతకు అలవాటు పడి ఉంటాయి. తడి ఎక్కువ, పీచు తక్కువ ఉండే లేత గడ్డి ఒక్కసారిగా కడుపులో పడితే వాటి సమతూకం చెదిరి, పెంటికలు మెత్తబడతాయి. కొత్త మేతను పది పద్నాలుగు రోజులలో మెల్లగా పెంచుకుంటూ పోవాలన్నది ఇందుకే. రెండు మూడు రోజుల పాటు ఎండుగడ్డి మీదే ఉంచండి. పెంటికలు మళ్లీ గట్టిగా, గుండ్రంగా, విరిస్తే లోపల పీచు కనిపించేలా వచ్చాక, కడుపు నిండా ఎండుగడ్డి తిన్న తరువాత పావుగంట సేపు గడ్డి మీద వదలండి. ఆపైన రోజుకు కాస్త చొప్పున ఆ సమయాన్ని పెంచండి. పెంటికలు నీళ్లలా కారుతున్నా, కుందేలు మందకొడిగా ముడుచుకుని కూర్చున్నా ఈ సలహాలతో కాలయాపన చేయకుండా వైద్యుడికి చూపించండి.

మరొక విషయంలో పొరబడకండి. కుందేలు రోజూ కొన్ని మెత్తని, నల్లని, ద్రాక్షగుత్తిలాంటి ఉండలను విసర్జించి, వాటిని నేరుగా నోటితో తీసుకుని తినేస్తుంది. చూసేవారికి అసహ్యంగా తోచినా అది దానికి అత్యవసరం, బి విటమిన్లు, కొంత మేర మాంసకృత్తులు వాటి నుంచి అందుతాయి. అవి తినకుండా మిగిలిపోయి వెనుక భాగానికి అంటుకుంటున్నాయంటే, మేతలో బలం మరీ ఎక్కువై పీచు తగ్గిందని అర్థం. బిస్కెట్లు, అన్నం, పెసలు, శనగలు ముద్దుగా పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే ఆపండి. క్యారెట్‌లో తీపి ఎక్కువ, అది వేలెడంత ముక్కగా అప్పుడప్పుడు ఇచ్చే రుచి మాత్రమే.

మీ ప్రాంతంలో గరిక సమృద్ధిగా దొరుకుతుంది, కుందేలుకు అంతకన్నా మంచి గడ్డి వెతకనక్కరలేదు. కోసి నీడలో ఆరబెట్టుకుంటే ఎండుగడ్డిగానూ పనికి వస్తుంది. వరిగడ్డి పరుపుగా వేయడానికి బాగుంటుంది కానీ దానిలో పోషకాలు చాలా తక్కువ, దాని మీదే ఆధారపడకూడదు. పశువుల మేతగా దొరికే లూసర్న్, దశరథ గడ్డి ఎదిగే పిల్లలకు మంచివే. పెద్ద కుందేళ్లకు అవి కొద్దిగానే ఇవ్వాలి, ముఖ్యంగా లూసర్న్‌లో సున్నం (కాల్షియం) ఎక్కువ కాబట్టి అతిగా తింటే మూత్రాశయంలో ఇసుకలా పేరుకుంటుంది. సుబాబుల్ ఆకులో ఉండే మైమోసిన్ అనే పదార్థం బొచ్చు రాలేలా చేస్తుంది, దాని జోలికి పోకండి.

పెరట్లో స్వేచ్ఛగా తిరిగే కుందేలు ముందు ఏ మొక్కలు ఉన్నాయో ఒకసారి నడిచి చూడండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, జిల్లేడు, లాంటానా, వయ్యారిభామ మన పెరళ్లలో, ప్రహరీల పక్కన మామూలుగా పెరిగేవే. ఇవి కుందేలుకు విషం. అది వాసన చూసి తనంతట తానే తప్పుకుంటుందని నమ్మకండి, ఇంట్లో పెరిగిన జీవికి ఆ ఎరుక ఉండదు. కలుపు మందో పురుగు మందో కొట్టిన గడ్డి మీద అసలు వదలవద్దు.

ప్రశ్న: డాబా మీద వలతో గది కట్టి రెండు కుందేళ్లను అక్కడికి మార్చాం. నీడ ఉంది, గాలి ఉంది, ఫ్యాను కూడా పెట్టాం. ఒకటి బాగానే తింటోంది. రెండోది ఆకు నోటితో అందుకుని కాస్త నమిలి వదిలేస్తోంది, గడ్డం తడిగా ఉంటోంది. రాత్రుళ్లు రెండూ వెనుక కాళ్లతో నేలను దబదబా కొడుతున్నాయి. పొరుగింటి పిల్లి వచ్చి వల పక్కన కూర్చోవడం చూశాను. అదేనా కారణం?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయని నేననుకుంటున్నాను. రాత్రి కాళ్లతో నేలను కొట్టడం భయానికి గుర్తు, పక్కనున్న జతకు ప్రమాదం గురించి చెప్పే హెచ్చరిక. పిల్లి లోపలికి రాలేకపోవచ్చు, కానీ వల అవతల కూర్చుని చూస్తున్నంతసేపు కుందేలు మేత దగ్గరికి రాదు. భయపడిన శరీరంలో పేగుల కదలిక తగ్గిపోతుంది, అది పదేపదే జరిగితే పైన చెప్పిన పేగుల మందగింపుకు దారి తీస్తుంది. మీరు గదికి వల వేశారు కానీ దాక్కునే చోటు ఇచ్చినట్టు ఉత్తరంలో లేదు. రెండు వైపులా దారి ఉండే చెక్కపెట్టెను ఒక మూల పెట్టి, ఎండుగడ్డిని, నీళ్లను దానికి ఆనుకునేలా ఉంచండి. బయటి నుంచి కనబడకుండా వలకు కింది నుంచి రెండున్నర అడుగుల ఎత్తు వరకు చాపలు గానీ ప్లైవుడ్ గానీ కట్టండి. ప్లాస్టిక్ వల అయితే మార్చి ఇనుప జాలీ వేయించండి. పెరట్లో ఉంచేవారు ముంగిస, పందికొక్కు, పాము కోసం జాలీని నేలలోకి కూడా దింపించాలి, కోతులు తిరిగే చోట పైకప్పు తప్పనిసరి.

రెండో కుందేలు సంగతి అలా కాదు. తినాలని ఆశపడి వచ్చి, నోట పెట్టుకుని వదిలేయడం, గడ్డం చొంగతో తడవడం పంటి జబ్బు లక్షణాలు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డిని నమలడం వల్లే అవి అరిగి సమంగా ఉంటాయి. మెత్తని తిండితో పెరిగిన వాటిలో లోపలి దవడ పళ్లు మొనదేలి నాలుకనో బుగ్గనో గీరుతాయి. అది డాబా మీదికి రాకముందు నుంచే పెరుగుతూ వచ్చి ఉండాలి, చోటు మారడం వల్ల మీ కంటబడింది. ఆరుబయటికి మార్చిన తరువాత కనబడిన ప్రతి మార్పునూ ఆరుబయటికే అంటగడితే ఇలాంటి జబ్బులు చేయి దాటిపోతాయి. ముందుపళ్లు చూసి బాగున్నాయనుకోకండి, లోపలి పళ్లను పరికరంతో చూడవలసిందే.

కుందేళ్ల వైద్యంలో అనుభవం ఉన్న వైద్యుడికే చూపించండి. మీకు దగ్గరలో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం కళాశాలలున్నాయి. తెలిసిన మందుల దుకాణంలో అడిగి కుక్కపిల్లల మందు తెచ్చి వేయడం ప్రమాదం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ రకాల మందులు కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీయగలవు. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా కుందేళ్లకు విషమే. ఈ రెండు విషయాలూ కుందేళ్లు పెంచే ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవలసినవి.

రెండూ ఒకే గిన్నెలో తింటే ఎవరు ఎంత తిన్నారో, ఎవరి పెంటికలు చిన్నబడ్డాయో తెలియదు. రోజూ కొన్ని గంటలు మధ్యలో జాలీ అడ్డుపెట్టి, ఒకదానికొకటి కనిపించేలా విడివిడిగా మేపండి. వారానికోసారి వంటింటి త్రాసులో బరువు చూసి రాసుకోండి. కంటికి తెలియని తగ్గుదలను త్రాసు ముందుగా చెబుతుంది.

ప్రశ్న: పెరట్లోకి మార్చి నెల దాటింది. ఆడ కుందేలు రెండు రోజులుగా మేత తగ్గించింది. నోటి నిండా గడ్డి కరుచుకుని తినకుండా మూలకు మోసుకుపోతోంది, మట్టి తవ్వుతోంది, తన పొట్ట మీది బొచ్చు తానే పీక్కుంటోంది. జబ్బు చేసిందా?
— పాఠకురాలు, అనంతపురం

జవాబు: దానితో పాటు మగ కుందేలు ఉంటే, అది ఈనడానికి సిద్ధమవుతోంది. కుందేలు చూలు 30 నుంచి 32 రోజులు, మీరు చెప్పిన నెల లెక్క దానితో సరిపోతోంది. ఈనే ముందు ఒకటి రెండు రోజులు మేత తగ్గించడం సహజం. ఒక చెక్కపెట్టెలో ఎండుగడ్డి వేసి నీడలో పెట్టండి, తవ్విన మట్టిగుంటలో ఈననివ్వకండి, చీమలు పిల్లలను బతకనివ్వవు. మగదానిని వెంటనే వేరు చేయండి, ఎందుకంటే ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. మగ కుందేలు ఎన్నడూ దగ్గర లేకపోతే ఇది ఉత్త చూలు, సుమారు 16 నుంచి 18 రోజులలో దానంతట అదే తగ్గుతుంది. ఈ లోపల ఎండుగడ్డి, నీళ్లు ముడుతున్నదా లేదా అన్నది మాత్రం చూస్తూ ఉండండి. పూర్తిగా మానేస్తే మొదటి జవాబులో చెప్పిన 12 గంటల నియమమే.

ప్రశ్న: రెండు నెలల వయసున్న నాలుగు పిల్లలను కొని పెరట్లో మట్టి నేల మీద వదిలాం. మొన్నటి అకాల వర్షాల తరువాత అవి సరిగా తినడం లేదు. పొట్టలు ఉబ్బి ఉన్నాయి, వీపు ఎముకలు చేతికి తగులుతున్నాయి, విరేచనం పలచగా ఉంది. ఒకటి నిన్న చనిపోయింది.
— పాఠకుడు, భీమవరం

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందే లోపే మిగిలిన మూడింటినీ వైద్యుడికి చూపించి ఉంటారని ఆశిస్తున్నాను. పిల్లల్లో ఈ లక్షణాలన్నీ కలిసి కనిపిస్తే మొదట అనుమానించవలసింది కాక్సిడియోసిస్‌ను. ఐమీరియా అనే సూక్ష్మ పరాన్నజీవి పేగులను, ఒక రకమైతే కాలేయాన్ని పట్టుకుంటుంది. పెంటికలతో పాటు బయటికి వచ్చిన దాని గుడ్లలాంటి కణాలు తడి, వెచ్చదనం తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే అంటువ్యాధిని కలిగించే స్థితికి చేరతాయి. వాన తడిసిన మట్టి, ఆ మట్టి మీదే వేసిన గడ్డి, అదే గడ్డిని తిన్న పిల్లలు, ఇదీ వరుస. పెంటిక పరీక్షతో జబ్బు తేలుతుంది, దానికి మందులున్నాయి, త్వరగా మొదలుపెట్టడమే ముఖ్యం. చనిపోయిన పిల్లను పారేయకుండా వైద్యుడికి చూపించగలిగితే మిగిలిన వాటి చికిత్స తేలికవుతుంది.

మీ జిల్లా నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పిల్లలను మట్టి మీద పెంచడం మానండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో బోను కట్టి, పెంటికలు కిందికి రాలిపోయేలా జాలీ అడుగు వేయించి, అరికాళ్లు ఒరుసుకుపోకుండా సగం చోటులో పలక పరిచి ఉంచండి. గడ్డిని నేల మీద వేయకుండా గోడకు బిగించిన తొట్టిలో పెట్టండి. పెంటికలు రోజూ ఎత్తేయాలి, రెండో రోజుకు వాయిదా వేస్తే పైన చెప్పిన కణాలకు కావలసిన వ్యవధి మనమే ఇచ్చినట్టవుతుంది. మామూలు ఫినాయిల్ వాటిని చంపదు, మరిగే నీళ్లు, బాగా ఎండలో ఆరబెట్టడం మెరుగు.

ప్రశ్న: మేము ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఉంటాం. మార్చి చివరలో కుందేళ్లను గార్డెన్‌లోని హచ్‌లోకి (చెక్క బోనులోకి) మార్చాం. ఇంట్లో కన్నా రెట్టింపు ఎండుగడ్డి తింటున్నాయి, అయినా లావెక్కడం లేదు. నులిపురుగులేమోనని మా ఆయన సందేహం. వాటిని బయటే ఉంచవచ్చునా?
— పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: అక్కడి మార్చి రాత్రుల చలికి ఒంటి వేడిని నిలుపుకోవడానికి ఎక్కువ మేత కావాలి, పీచు పులిసి అరిగేటప్పుడు పుట్టే వేడి వేసవిలో భారమైనట్టే చలిలో ఆసరా అవుతుంది. కనుక ఆకలి పెరగడం, బరువు నిలకడగా ఉండడం సహజమే. ఎండుగడ్డికి పరిమితి పెట్టకండి, పెల్లెట్లు మాత్రం పెంచకండి. పెంటిక పరీక్ష చేయిస్తే మీ వారి సందేహం కూడా తీరుతుంది.

నాకు నచ్చనిది మార్చిన సమయం. హీటింగు ఉన్న గదిలో శీతకాలం గడిపిన కుందేలుకు దట్టమైన చలికాలపు బొచ్చు పెరిగి ఉండదు. మే చివరలో, రాత్రులు మెత్తబడ్డాక మార్చి ఉంటే వచ్చే శీతకాలానికి అది తనంతట తాను సిద్ధమయ్యేది. ఇప్పటికే మార్చారు కాబట్టి మళ్లీ మళ్లీ లోపలికీ బయటికీ తిప్పి వేడిచలి మార్పులకు గురిచేయకండి, హచ్‌లో మోకాలెత్తు గడ్డి నింపి, వాన జల్లు, ఈదురుగాలి తగలని గోడ వైపుకు జరపండి. ఒక్క హచ్ మాత్రమే ఉంటే అది చాలదు. అక్కడి రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని చెబుతుంది.

టీకాల గురించి మీరు రాయలేదు. బ్రిటన్‌లో మిక్సొమటోసిస్ అనే వైరస్ జబ్బు, రెండు రకాల రక్తస్రావ వ్యాధి కుందేళ్లను చంపుతాయి. మొదటిది దోమలు, గోమార్ల ద్వారా వస్తుంది, రెండోది చెప్పుల అడుగులకు అంటుకుని కూడా రావచ్చు. ఏటా వేయించవలసిన టీకా అక్కడ ఏ వెటర్నరీ క్లినిక్‌లోనైనా దొరుకుతుంది, వేయించి ఉండకపోతే ఈ వారమే వేయించండి. కనురెప్పలు వాచి, మేత మానేస్తే ఆలస్యం చేయకూడదు.

లాన్‌మోవర్‌తో కోసిన గడ్డి కుప్పను కుందేళ్లకు పెట్టకండి, నలిగిన గడ్డి కొద్దిసేపట్లోనే వేడెక్కి పులిసి కడుపు ఉబ్బిస్తుంది. ఫాక్స్‌గ్లవ్, రాగ్‌వర్ట్ అనే విషపు మొక్కలుంటే వేళ్లతో సహా తీసేయండి. మే నుంచి సెప్టెంబరు దాకా ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటి వెనుక భాగాన్ని ఎత్తి చూడండి. మెత్తని పెంట అంటుకున్న చోట ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుట్టి ఒంటిని తొలిచేస్తాయి. గుడ్లు గానీ పురుగులు గానీ కనబడితే ఇంట్లో కడుగుతూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.